మమ్ము మూలలో మంచు ఎంత?

తైమి రౌతియో కష్టపడి సాధించిన మొదటి విజయం నార్త్‌వుడ్స్ డేవ్‌ని బయటికి గెంటడం. ఆరేళ్ళ కిందట, నవంబరులో. దానికి ఆవిడకి పదకొండు రోజులు పట్టింది. డేవ్‌ని పట్టుకోవడానికి ఒక్క పూట చాలింది. మిగతా పది రోజులూ మాతో పోట్లాడటానికే సరిపోయాయి.

ఈ చలికాలం మా హౌకి సరస్సు బోర్డు తెరిచిన ప్రతివాడూ "తైమి ఎక్కడ?" అని అడుగుతున్నాడు. అడిగేవాళ్ళలో ఎంతమంది మనుషులో నాకు అనుమానమే. మనుషులైన వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. రాయడానికి నాకు హక్కుంది. తైమి నా భార్య ఎల్మాకి ఆఖరి చెల్లెలు. ఎల్మా పోయినా ఆవిడ నన్ను బావా అనడం మానలేదు. ఇక నేనంటే ఆర్వో పెల్టోని. ఒకే గది ఉన్న బడిలో ఎనిమిది తరగతులు చదివాను. టౌన్‌షిప్ రోడ్ల పని ముప్ఫై ఒక్క ఏళ్ళు చేశాను. ఆ ముప్ఫై ఒక్క ఏళ్ళలో బడి బస్సు మంచులో దిగబడి ఆగిన రోజు ఒక్కటీ లేదు. నేను పట్టిన ఇరవై రెండు పౌన్ల పైక్ చేప ఇప్పటికీ బెవ్ ఎర కొట్టు గోడ మీద నోరు తెరుచుకుని ఉంది.

మా బోర్డు కంప్యూటర్లో, ఫోన్లో తెరుచుకునేది. పందొమ్మిది వందల మంది సభ్యులం. చేపల గురించి అక్కడ ఎవరు ఎంత అబద్ధమాడినా తప్పు లేదు. ఎక్కడ పట్టావని అడిగితే నిజం చెప్పినవాడిని వెర్రివాడి కింద జమకడతాం. మంచు గురించి మాత్రం ఒక్క అబద్ధం కూడా చెల్లదు. మా సరస్సు మీద మంచుని అంగుళాల్లో కొలవం, గునపం దెబ్బల్లో చెబుతాం. నాలుగు దెబ్బలకి మంచు పగలకపోతే మనిషి నడవచ్చు. ఏడింటికి పగలకపోతే మంచు బండి నడపవచ్చు. రెండు దెబ్బలకే గునపం నీళ్ళలోకి దిగిందంటే వచ్చిన అడుగుల్లోనే వెనక్కి తిరగాలి. కొట్టినవాడి పేరు కూడా రాయాలి. నా నాలుగు దెబ్బలూ బెవ్ నాలుగు దెబ్బలూ ఒకటి కావు. ఈ మధ్య బెవ్ దెబ్బే గట్టిదని కొందరంటున్నారు, అది వేరే సంగతి.

ఆ బోర్డులోకి మనుషుల పేర్లు తగిలించుకుని వచ్చే యంత్రాలని మేం చెక్క చేపలంటాం. మా వైపు చెక్కతో చేప బొమ్మ చెక్కి, రంగు వేసి, మంచు కన్నంలోకి దింపి ఆడిస్తారు. తోటిదనుకుని నిజం చేప దగ్గరికొస్తుంది, పైనుంచి ఈటె పడుతుంది. ఈ యంత్రాలూ అంతే. తోటి జాలరిలా కబుర్లు చెప్పి, నమ్మకం కుదిరాక మంచుకి కన్నాలు వేసే మర అమ్మజూపుతాయి. మర కొనుక్కుంటే పోయేది డబ్బే. కానీ కబుర్ల మధ్యలో "మంచు బాగా గట్టిగా ఉంది" అని ఊరికే రాసేస్తాయి. దాన్ని నమ్మి ఒకడు బయలుదేరితే వాడి ఇంట్లో ఆ రాత్రి కుర్చీ ఒకటి ఖాళీ అవుతుంది.

బోర్డులోకి ఎవరు రావాలో తేల్చే చోటుని గేటు అంటాం. ఆ గేటు దగ్గర తైమిని నిలబెట్టడానికి కారణం ఆవిడ కంప్యూటర్ చదువు కాదు. ఆవిడ ఇరవై ఏడేళ్ళు బడి వంటశాలలో వడ్డించింది. మాంసం కూర వండిన రోజున పిల్లలు టోపీ మార్చుకుని రెండోసారి వరసలో నిలబడేవాళ్ళు. ఆవిడ మొహం చూసేది కాదు, పళ్ళెం పట్టుకున్న చేతులు చూసేది. "నువ్వు ఇందాకటి ఎర్ర టోపీవి. పో." ఇరవై ఏడేళ్ళలో ఒక్కడు కూడా ఆవిడ చేతి మీదుగా రెండో పళ్ళెం తినలేదు. నా కొడుకులిద్దరూ ప్రయత్నించారు.

డేవ్ మూడు వారాలు మాతోనే ఉన్నాడు. అందరికీ శుభోదయం చెప్పేవాడు. బెవ్ కుక్క చచ్చిపోతే నాలుగు వాక్యాలు రాసి ఏడిపించాడు. ఒక ఉదయం ఎర కొట్లో కాఫీ దగ్గర తైమి తేల్చి చెప్పింది.

"బావా, ఈ డేవ్ గాడు మనిషి కాదు."

"మనిషి కాకపోతే ఏంటి? నా పైక్ ఫొటో కింద ఎంత బాగా రాశాడో చూళ్ళేదా?"

"అదే చెప్తున్నా. నీ పైక్‌ని మెచ్చుకున్నవాడు ఈ సరస్సు మీద ఇంకెవడున్నాడు?"

కౌంటరు వెనక బెవ్ నవ్వి కాఫీ ఒలకబోసుకుంది. "కుక్కకి ఏడ్చాడు కదే, తైమీ."

"కుక్క పేరేంటో రాశాడా? రాయలేదు. మూడు వారాల్లో ఒక్కణ్ణి తిట్టలేదు. చలి అనలేదు. చేప పడలేదని బుకాయించలేదు. ఇలాంటి మొగాడిని నువ్వు ఎక్కడైనా చూశావా?"

"చూడలేదు గానీ, దొరికితే పంపించు," అంది బెవ్.

ఆ పూటే తైమి డేవ్‌ని ఒక ప్రశ్న అడిగింది: మమ్ము మూలలో మంచు ఎంత?

ఆ పేరు నాది. ఫిన్లాండ్ నుంచి వచ్చిన మా వాళ్ళ మాటలో మమ్ము అంటే నాయనమ్మ. 1967లో నేను ఆ పైక్‌ని పట్టుకొచ్చినప్పుడు సిటీ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకడు ఎక్కడ పట్టావని వదలకుండా అడిగాడు. "మమ్ము మూలలో" అన్నాను. కొట్టంతా గొల్లుమంది. అలాంటి చోటు ఏ పటంలోనూ లేదు. అప్పటి నుంచి చెప్పకూడని చోటు పేరు చెప్పాల్సి వస్తే సరస్సంతా మమ్ము మూల అనడమే. ఆ ప్రశ్నకి మావాళ్ళు ఇచ్చే జవాబులు వేరు. "వెళ్ళాను, తిరిగొచ్చే దారి వెతుక్కుంటున్నా" అంటారు. "మా అత్తగారుండేది అక్కడే, నన్నడక్కు" అంటారు.

డేవ్ ఇలా రాశాడు: "మమ్ము మూల చాలా అద్భుతమైన ప్రదేశం! అక్కడ మంచు పది అంగుళాలు ఉంది. కుటుంబ సమేతంగా సురక్షితంగా వెళ్ళవచ్చు."

అయినా మేం వెంటనే ఒప్పుకోలేదు. వాడూ వేళాకోళం ఆడుతున్నాడేమో అన్నాం. తైమి పది రోజులు రోజుకో లేని చోటు పుట్టించి అడిగింది. పది చోట్లా పది అంగుళాలే. గేటు వేసేసింది. వాడి వెనకాలే టోపీలు మార్చుకున్న డేవ్‌లు నలభై ముగ్గురు బయటపడ్డారు.

అప్పటి నుంచి కొత్తగా వచ్చిన ప్రతివాడికీ గేటు దగ్గర అదే ప్రశ్న. అయిదు చలికాలాల్లో పదకొండు వేల మూడు వందల చెక్క చేపలని తైమి ఏరి పారేసింది. ఒకే పలుకుతో మాట్లాడే ఆరుగురు దొంగ అక్కచెల్లెళ్ళని ఒక్క మధ్యాహ్నంలో పట్టుకుంది. ఎదుటివాళ్ళ చోటు బాగుందని దాని మీద లేనిపోని చెడ్డ కబురు రాసిన మా టౌన్‌షిప్ మనిషిని కూడా పట్టుకుంది. ఇంకొకడు తను చేపలు పట్టే చోటు ఎక్కడో బయటపడుతుందని అక్కడి పలచటి మంచు సంగతి దాచాడు. వాళ్ళిద్దరి కోసమే ఆవిడ ఒక నిబంధన రాసింది. మంచు గురించి తప్పుడు కబురు చెప్పినా, నిజం కబురు తొక్కిపెట్టినా ఏడాది పాటు బోర్డు బయట. మంచుకి చుట్టరికం ఉండదు, అందుకే నిబంధనకీ ఉండదు అనేది. ఈ అయిదు చలికాలాల్లోనూ మా సరస్సు మీద మనిషి ప్రాణం పోలేదు. పక్క సరస్సుల వాళ్ళు ఆ మాట చెప్పలేరు.

కానీ అనుమానం ఆవిడకి పని దాటి ఇంట్లోకి కూడా వచ్చేసింది. పోస్టులో పుట్టినరోజు కార్డు వస్తే ముందు చేతిరాత చూసేది. ఒకసారి నేను జ్వరంతో పడుకుని, బోర్డులో రెండు రోజులు కాస్త మర్యాదగా రాశాను. మూడో రోజు నా తలుపు కొట్టింది.

"నువ్వేనా?"

"నేనే. ఎందుకు?"

"థాంక్స్ అని రాశావు. రెండుసార్లు."

కిందటి జనవరిలో చెక్క చేపలు కొత్త విద్య నేర్చాయి. శుభోదయాలు మానేసి మా పాత సభ్యుల పలుకు పట్టుకున్నాయి. అవి ముందుగా ఎత్తుకున్నది సులో హకాలా పలుకు. సులో ఉత్తరపు ఒడ్డున పాత పొలంలో ఒంటరిగా ఉంటాడు, చెక్క చేపలు చెక్కుతాడు. అసలైనవి, కర్రవి. నాకంటే నాలుగేళ్ళు చిన్న. నోట్లోంచి మాట రావడం కష్టం. చలికాలమంతా ఉదయం ఆరూ పదికి బోర్డులో ఒకే తీరున రాస్తాడు: "ఉత్తరపు ఒడ్డు. సులో. అయిదు దెబ్బలు. నీళ్ళు లేవు." యంత్రాలకి ఇంతకంటే తేలికైన మనిషి ఎక్కడ దొరుకుతాడు? ఒక్క వారంలో సులో పలుకుతో మాట్లాడే పద్నాలుగు ఖాతాలని తైమి మూసేసింది.

అదే వారంలో అసలు సులో ట్యాబ్ జారి పడి పగిలింది. మేనకోడలు తన పాతది ఒకటి ఇచ్చింది. పాత ఖాతా తెరిచే రహస్యపు మాట గుర్తు లేక సులో కొత్త ఖాతా తెరిచి, "సులో హకాలా 2" అని పేరు పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. టోపీ మార్చుకుని రెండోసారి వరసలోకి వచ్చిన మనిషిని తైమి ఎలా చూస్తుందో చెప్పాను కదా.

పదహారో తారీకు సాయంత్రం తైమి ఆ ఖాతాని అడిగింది: మమ్ము మూలలో మంచు ఎంత?

జవాబు వచ్చింది: "మమ్ము మూల. సులో. రెండు దెబ్బలు. కింద నీళ్ళు కదులుతున్నాయి. ఎవరూ వెళ్ళొద్దు."

లేని చోటులో మంచు కొలిచి చెప్పేవాడు చెక్క చేపే. ఆ ప్రశ్న అప్పటిదాకా ఒక్కసారి కూడా తప్పలేదు. సులోకి ఫోన్ చేద్దామంటే వాడు ఫోన్ ఎత్తడని ఊరందరికీ తెలుసు. ఆవిడ గేటు మూసి, జవాబు చెరిపేసి పడుకుంది.

మర్నాడు శుక్రవారం. ఉదయం బోర్డు చూశాను. ఉత్తరపు ఒడ్డు గురించి చెడ్డ మాట ఒక్కటీ లేదు. మంచు బండి తీసి, సులో పొలం వెనకాల రెల్లు పెరిగిన కొస వైపు తిప్పాను. గునపం బండి వెనక కట్టి ఉంది. కట్టే ఉంది, విప్పలేదు. ఎనభయ్యేళ్ళు ఈ సరస్సు పక్కన బతికినవాడిని చేసిన పని అది. దాచి లాభం లేదు.

చప్పుడు కూడా పెద్దగా రాలేదు. బండి ముందు భాగం ఒరిగింది, చంకల దాకా నీళ్ళలో ఉన్నాను. అరుద్దామంటే ఊపిరి అందలేదు. ఒడ్డున సులో కనబడ్డాడు. చేతుల్లో స్ప్రూస్ చెట్టు కొమ్మలు. చెడ్డ మంచు చుట్టూ కొమ్మలు గుచ్చి పెట్టడం మా పాత అలవాటు. బోర్డు తన మాట తీసుకోలేదు కాబట్టి గుచ్చడానికి వస్తున్నాడు. కొమ్మలు పడేసి, బోర్లా పడుకుని, తాడు విసిరాడు.

"చేతికి చుట్టుకో. కాళ్ళు ఆడించు. నోరు ముయ్యి."

ఆ రోజు సులో చెప్పినన్ని మాటలు అరవై ఏళ్ళలో వాడి నోట వినలేదు. వంటింట్లో పొయ్యి పక్కన నన్ను దుప్పట్లలో చుట్టాడు. నేను వణుకుతూ సౌనా, అంటే ఆవిరి స్నానాల గది, వేడి చెయ్యమన్నాను.

"ఇప్పుడు సౌనాలో పెడితే గుండె ఆగుద్ది. కాఫీ తాగు."

"బండి పోయింది రా సులో."

"నిన్న చెప్పాను. రెండు దెబ్బలని."

"ఎక్కడ చెప్పావు?"

"తైమి అడిగింది. మమ్ము మూలలో ఎంత అని. చెప్పాను."

నేను నవ్వబోయాను. "ఒరేయ్, అది వేళాకోళం రా. మమ్ము మూల ఎక్కడుంది? నేను పుట్టించిన పేరు అది."

సులో కిటికీలోంచి రెల్లు కొసని చూపించాడు. "అదే. అక్కడ ఊట ఉంది. మా నాయనమ్మ పాల క్యాను తీసుకుని అడ్డదారిన వెళ్తూ అక్కడే మంచు పగిలి మునిగిపోయింది. ముప్ఫై ఒకటిలో. అప్పటి నుంచి మా ఇంట్లో ఆ పేరే."

"మరి నాకు..."

"అరవై ఏడులో రోడ్డు కొలవడానికి వచ్చావు. మా నాన్న నీకు కాఫీ పోసి చెప్పాడు, మమ్ము మూల వైపు పోకు అబ్బాయ్ అని. నేను ఇదే బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ వారమే నువ్వు ఎర కొట్లో చెప్పి అందర్నీ నవ్వించావు."

"అప్పుడే ఎందుకు చెప్పలేదురా?"

"అందరూ నవ్వుతున్నారు," అన్నాడు సులో. "మా నాన్న ఆ కొట్టుకి మళ్ళీ పోలేదు."

నా పేరున ఉన్న ఘనకార్యాలు చాలానే చెప్పుకుంటూ వచ్చాను. అందులోంచి ఈ ఒకటి తీసేస్తున్నాను. ఆ పేరు నాది కాదు, హకాలా వాళ్ళది.

బెవ్ కబురు చేస్తే తైమి గంటలో వచ్చింది. ముందు నా వేళ్ళు పట్టుకుని ఒక్కొక్కటే రంగు చూసింది.

"బావా, అన్నీ కదులుతున్నాయా?"

"కదులుతున్నాయి. నువ్వేనా అని అడగవా?"

ఆవిడ నవ్వలేదు. సులో వైపు తిరిగి నిలబడింది. చేతికి తొడుగులు అలాగే ఉన్నాయి. "నిన్ను చెక్క చేప అనుకున్నాను, సులో."

"అడిగావు. చెప్పాను."

"నువ్వు చెప్పిందే చెరిపేశాను."

"ఆఁ," అన్నాడు సులో. పొయ్యి వైపు చెయ్యి చూపి, "కాఫీ ఉంది," అన్నాడు.

తైమి కాఫీ తాగలేదు. సులో బల్ల మీదున్న ఆ పాత ట్యాబ్ తీసుకుని, నిలబడే, ముందు వాడి గేటు తెరిచింది. నేనూ సులో ఇకమీదట గేటు చూస్తామని రాసింది. తర్వాత బోర్డులో అందరికీ కనబడేలా ఇంకో మాట రాసింది. నిజమైన మంచు కబురు తొక్కిపెట్టినందుకు తైమి రౌతియో ఈ రోజు నుంచి ఏడాది బయట.

"నీ నిబంధన నీ మీదకేనా?" అన్నాను. "మనిషి బతికే ఉన్నాడుగా. నేనే ఆ మనిషిని, నేను క్షమిస్తున్నాను, చాలదా?"

"రాసినప్పుడు క్షమాపణ అనే మాట రాయలేదు బావా. తన చోటు కోసం మంచు సంగతి దాచినవాడిని ఏడాది బయట పెట్టానా లేదా? నేనైతే ఊరికే వదిలెయ్యాలా?" తొడుగులు సరిచేసుకుంది. "తర్వాత కూడా వస్తానో లేదో. నా కళ్ళు పోయాయి."

వస్తుందో రాదో అన్న ఆ మాట మా ఇద్దరికీ వేసవంతా నిద్ర పట్టనివ్వలేదు. నిజం చెప్పాలంటే నాకూ సులోకీ కలిపి ఆవిడ ఒక్క కన్నుకి ఉన్నంత చూపు లేదు. నేను అందరినీ అనుమానిస్తాను, సులో ఎవరినీ అనుమానించడు. ఇద్దరం కలిసి గేటు దగ్గర కూర్చుంటే రోజుకి ఇద్దరో ముగ్గురో లోపలికొస్తారు. ఎందుకొచ్చారో మాకే తెలియదు.

సెప్టెంబరులో సులో ఒక చెక్క పైక్‌ని తైమికి తీసుకెళ్ళి ఇచ్చాడు. నేను పక్కనే ఉన్నాను.

"కన్నంలో ఆడిస్తే ఏది నాదో ఏది నిజందో నాకే తెలీదు ఒక్కోసారి," అన్నాడు.

"మరి ఈటె ఎలా వేస్తావు?"

"మొప్పలు కదిలేదాకా వెయ్యను."

తైమి ఆ బొమ్మని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. వారం తర్వాత నా వంటింటి బల్ల మీద ఒక కాగితం పెట్టి వెళ్ళిపోయింది. దాన్ని మేం బోర్డులో నిబంధనగా పెట్టాం. పాత సభ్యుడి పేరుతో వచ్చిన ఎవరిమీదైనా గేటు మూసేముందు ఒకరు స్వయంగా వెళ్ళి వాళ్ళ ఇంటి తలుపు కొట్టాలి. నలభై మైళ్ళైనా సరే. మమ్ము మూల ప్రశ్న తీసేశాం. ఆ చోటిప్పుడు బోర్డు పటంలో ఉంది, హకాలా వాళ్ళ పేరుతో.

మంచు పట్టినప్పటి నుంచి తైమి సాయంత్రాలు మా ఇంటికి వచ్చి తొడుగులు అల్లుకుంటుంది. తెర వైపు చూడదు. చూడనట్టు కూర్చుంటుంది అనాలి. మొన్న లిండా అనే కొత్తావిడ చాలా మర్యాదగా లోపలికి రానివ్వమని అడిగింది. నేను తెరవబోయాను. వెనకాల తైమి దగ్గింది.

"ఏంటి, దగ్గా?"

"పొడి గాలి."

"ఒక దగ్గా, రెండా?"

"నేను బయట ఉన్నదాన్ని బావా. నన్నేమీ అడక్కు."

నాకు అర్థమైందనుకున్నాను. లిండాకి గేటు వేశాను. మర్నాడు బెవ్ కొట్లో ఒకావిడ నా ఎదురుగా నిలబడి నడుము మీద చేతులు పెట్టుకుంది. బడిలో కొత్తగా చేరిన పంతులమ్మ. "లిండాని నేనే. నేను మనిషినే అండీ. కావాలంటే గిల్లి చూడండి," అంది. బెవ్ కౌంటరు పట్టుకుని నవ్వింది. మంచు గురించి ఆవిడ ఏమీ రాయలేదు కాబట్టి నిబంధన నా మీదకి రాలేదు, బతికిపోయాను.

"నువ్వు దగ్గావుగా!" అన్నాను ఆ సాయంత్రం.

"నిజంగానే దగ్గాను, బావా." తైమి ఊలు కింద పెట్టింది. "నా దగ్గుని కూడా అనుమానించడం మొదలెట్టావు. ఇక ఆలస్యం చేస్తే బోర్డులో నువ్వూ సులో తప్ప ఎవరూ మిగలరు."

"అంటే వస్తున్నావా?"

"నిబంధన ప్రకారం వస్తాను. ఒక్క పూట ముందు రాను."

గేటు దగ్గర అడగడానికి కొత్త ప్రశ్న ఒకటి ఆవిడ దగ్గర సిద్ధంగా ఉంది. నాకు చెప్పలేదు. నేనూ నేనే అని ముందు రుజువు చేసుకోవాలట.

తైమి రౌతియో తిరిగి గేటు దగ్గర కూర్చునేది జనవరి పదిహేడో తారీకు శనివారం ఉదయం, సులో ఆరూ పది కబురు రాసిన వెంటనే.